విరిగిన పాల నీళ్ళు

మా పెద్దత్త పోయిన మూడో రోజున సందులోని ఆడవాళ్ళు నలుగురు మా గుమ్మంలోకి వచ్చి, పదకొండో రోజుకి ఆవిడ ఫోటో కింద వేయించడానికి నాలుగు ముక్కలు రాసిమ్మన్నారు. వాట్‌గంజ్‌లో మా సందు మొత్తానికి తెలుగు తప్పుల్లేకుండా రాసేదాన్ని నేనొక్కదాన్నే. రేవు పనికీ, కార్పొరేషన్ పనికీ శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాలీ నగరానికి వచ్చి మూడు తరాలుగా ఇక్కడే పాతుకుపోయిన కుటుంబాలు మావి. పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు గాని చదవడం రాదు. వాళ్ళకు అక్షరాలు దిద్దించే బడిలో నేను టీచర్ని.

"అన్నపూర్ణ అని రాయి టీచరమ్మా. ఈ సందులో ఆవిడ సేతి సుక్క గొంతులో పడనోళ్ళు లేరు" అంది ఒకామె.

తలనొప్పిగా ఉంది, తర్వాత చూద్దాం అని పంపేశాను. నాకు తలనొప్పేమీ లేదు. ఆవిడ గురించి నేను రాయదలిస్తే నాలుగు ముక్కల్లో తెమిలేది కాదు, ఫోటో కింద పెట్టుకునేదీ కాదు. నాకు ఆవిడంటే గిట్టదు. ఉన్నప్పుడు గిట్టలేదు, పోయాక గిట్టుతుందేమోనని రెండు రోజులు చూశాను, ఇప్పుడూ గిట్టడం లేదు.

ఆవిడ మా ఆయనకు పెద్దమ్మ, అంటే మా అత్తగారికి అక్క. మా అత్తగారిని నేను చూడలేదు. ఆయన ఎనిమిదో ఏటనే ఆవిడ పోతే, పిల్లలు లేని ఈ పెద్దమ్మే ఆయన్నీ ఆయన అక్కనీ పెంచింది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఆ సంగతి నాకు ఎన్నిసార్లు వినిపించిందో లెక్కలేదు. పప్పులో ఉప్పు తగ్గితే అదే మాట. గోడకు మేకు కొడితే అదే మాట. "నాను పెంచినానే ఆడ్ని" అని మొదలుపెట్టి ఏదైనా అనేసేది.

తలుపు కొట్టడం ఎరగదు. సరాసరి పొయ్యి దగ్గరికి వచ్చి గిన్నెల మూతలు ఎత్తి చూసేది. ఎత్తిన మూత తిరిగి సరిగా పెట్టేది కాదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి నా పప్పులో వేలు ముంచి నాకి, ఆ వేలు తన కొంగుకు కాకుండా నా గుమ్మం పరదాకు తుడిచింది. కొత్త పరదా. ఇప్పటికీ ఆ చోటు నాకు తెలుసు.

కుళాయి దగ్గర ఎంత వరసున్నా ఆవిడ కేను ముందు పడాల్సిందే. ఎవరైనా గొణిగితే వినపడనట్టు చుట్ట కాల్చుకునేది. అది కూడా అడ్డపొగ, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, మా వైపు ముసలమ్మలు కాల్చినట్టు. ఊరి నుంచి ఎవరు రైలెక్కినా ఆవిడకు చుట్టల కట్ట తేవాలి. నోట్లో నిప్పు పెట్టుకుని తిరిగే ఆ మనిషికి లోకంలో భయమున్నది ఒక్క వేడికే. జ్వరమొచ్చినా వేడే, పిల్లలకు సెగ్గడ్డలు లేచినా వేడే, మొగుడు కొట్టినా వేడే. "కడుపు సల్లగుంటే కాపరం సల్లగుంటాది" అనేది. అన్నిటికీ మందు ఒక్కటే, ఆవిడ తెచ్చే నీళ్ళు.

ఆ నీళ్ళ సంగతి చెప్పాలి. ఏక్‌బాల్‌పూర్‌లో ఒక మిఠాయి దుకాణంలో కడాయిలు తోమే పని ఆవిడది. అక్కడ రోజూ పాలు విరగ్గొట్టి, రసగుల్లాలకూ సందేశ్‌కూ కావలసిన ఛానా తీస్తారు. విరిగిన పాలను గుడ్డలో వేసి పిండితే ఛానా ముద్ద గుడ్డలో ఉండిపోతుంది, లేత పసుప్పచ్చ నీళ్ళు కిందికి కారతాయి. కాస్త పుల్లగా ఉంటాయి. దుకాణం వాళ్ళు కాలవలో పోసే ఆ నీళ్ళు ఆవిడ రెండు కేన్లలో పట్టుకుని నాలుగింటికల్లా సందులో దిగేది. అల్లం పచ్చిమిర్చి దంచి వేసి, కరివేపాకు నలిపి, ఉప్పు కలిపి, దానికి మజ్జిగ అని పేరు పెట్టింది. బెంగాలీ వాళ్ళలోనూ ఆ నీళ్ళు తాగేవాళ్ళున్నారు, కడుపుకు మంచిదని ఉత్తగా తాగుతారు. దాన్ని మజ్జిగ చేసుకు తాగాలన్న బుద్ధి మాత్రం మా శ్రీకాకుళం బుర్రలకే పుట్టింది. రోజూ చెంబుడు మజ్జిగ తాగి పెరిగిన ప్రాణాలు. పెరుగు అందరికీ అందేది కాదు, ఈ నీళ్ళు అందేవి. గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడితే చాలు, ఆవిడ గరిటెతో పోసుకుంటూ పోయేది, ఎవరికి ఎన్ని గరిటెలో ఆవిడ ఇష్టం.

రెండేళ్ళ కిందట మా ఆయనకు కాళ్ళు వాచాయి. కార్పొరేషన్ చెత్తబండి తోలే మనిషి, బూట్లు పట్టడం లేదని చెప్పులతో డ్యూటీకి పోయాడు. పెద్దాసుపత్రిలో చూసి, షుగరు వల్ల కిడ్నీలు సగానికి పైగా పోయాయన్నారు. మిగిలినవాటిని తిండితో, మందులతో కాపాడుకోవాలి. లేదంటే మెషీను, వారానికి రెండుసార్లు రక్తం బయటికి తీసి కడిగి మళ్ళీ ఎక్కించాలి. డాక్టరు ఆ మాట చెబుతున్నప్పుడు మా ఆయన మెషీను గురించి కాకుండా డ్యూటీ గురించి అడిగాడు.

తిండి చీటీ రాసిచ్చిన బెంగాలీ అమ్మాయి చిన్నది, మా చెల్లెలి వయసుంటుంది. ఓపిగ్గా చెప్పింది. అరటిపండు వద్దు, కొబ్బరినీళ్ళు వద్దు, ఉప్పు తగ్గించాలి, నీళ్ళు రోజంతా కలిపి లీటరు దాటకూడదు. పాల దగ్గరికి వచ్చేసరికి రెండుసార్లు చెప్పింది. "దీదీ, రోజుకి ఒక చిన్న కప్పు పెరుగు, లేకపోతే అర కప్పు పాలు. రెండూ కాదు. ఛానా, పనీరు, మిష్టిదొయ్ లాంటి తీపి పెరుగు అసలే వద్దు. పాలల్లో పొటాషియం, ఫాస్ఫరస్ ఉంటాయి. మంచి కిడ్నీలైతే ఎక్కువైంది బయటికి పంపేస్తాయి, ఈయనవి పంపలేవు. పొటాషియం బాగా పెరిగితే గుండె ఆగిపోవచ్చు." మానేయమని ఆ అమ్మాయి అనలేదు. కొలిచి పెట్టమంది. ఆ తేడా నాకు అప్పుడు బుర్రకెక్కలేదు.

చీటీ పెద్దక్షరాలతో తెలుగులో రాసి వంటింటి గోడకు అతికించాను. పెద్దత్త వచ్చి దాని ముందు నిలబడి, చదవడం రాకపోయినా కింద నుంచి పై దాకా చూసింది.

"ఏటే ఇది, పెళ్ళి పత్రికేటి?"

"ఆయన తినాల్సినవీ తినకూడనివీ."

"పెరుగు కూడా రాసినావేటి?"

"కప్పుడు. ఆ చిన్న కప్పుతో."

ఆవిడ ఆ కప్పు తీసి అరచేతిలో పెట్టుకుని చూసి నవ్వింది. "పిల్లికి పెడతావేటే ఇది? డాకటేరు సదివినాడు, నాను బతికినాను. ఆడికి ఒంట్లో వేడి. సల్లటిది పడితే అదే దిగతాది."

అప్పటికి నేను పంటి బిగువున ఊరుకున్నాను. వయసులో పెద్దది, ఆయన్ని పెంచింది. ఆ రెండు మాటలూ అడ్డం పెట్టుకుని ఆవిడ నా ఇంట్లో ఎన్ని చేసిందో.

ఆరు నెలలు చీటీని కంటికి రెప్పలా చూసుకున్నాను. అయినా రక్తపరీక్షలో పొటాషియం పెరిగింది. డాక్టరు కాగితం నా ముందు పెట్టి, "ఇంట్లో ఏం పెడుతున్నావమ్మా?" అన్నాడు. తల కొట్టేసినట్టయింది. ఇంటికి వచ్చి ఆ కప్పు పెరుగు కూడా ఆపేశాను. నన్నెవరూ ఆపమనలేదు. చీటీ కన్నా నేను గట్టిదాన్నని నిరూపించుకోవాలనిపించింది.

ఆయనకు అన్నం ఆఖర్న పెరుగు పడకపోతే భోజనం అయినట్టు కాదు. చెయ్యి కడుక్కోకుండా కంచం ముందు కూర్చునేవాడు. అడిగేవాడు కాదు. కంచం వైపు చూసి, నా వైపు చూసి, లేచిపోయేవాడు. క్రమంగా మొదటి అన్నం కూడా సగంలో వదిలేయడం మొదలుపెట్టాడు. ముఖంలో ఎముకలు పైకి వచ్చాయి. రోగం తినేస్తుందో నేను మాడ్చేస్తున్నానో నాకే తెలియలేదు. ఒక రోజు కంచం తోముతూ కూర్చుని ఏడ్చాను.

అప్పుడు నాకు ఆ నీళ్ళు గుర్తొచ్చాయి. విరిగిన పాలల్లో సారమంతా ఛానాలోకి పోయింది కదా, మిగిలినవి వట్టి నీళ్ళే కదా. పెరుగు కాదు, పాలు కాదు. పుల్లగా ఉంటాయి, మజ్జిగ పులుసు కాయొచ్చు. అలా అనుకున్నది చదువురాని ముసలావిడ కాదు, నేను. చీటీలో ఛానా వద్దని ఉంది గాని ఛానా నీళ్ళు వద్దని లేదు. బడిలో పిల్లలకు లేని అర్థాలు తీయకండర్రా అని చెప్పేది కూడా నేనే.

జీవితంలో ఆవిడను నేను అడిగింది అదొక్కటే, బడి లేని ఒక ఆదివారం నాడు.

"అత్తా, నాకో గిన్నెడు పొయ్యి. ఉప్పూ అల్లం ఏటీ కలపకుండా."

"ఎందుకే?"

"పులుసుకి" అన్నాను గొంతు తగ్గించి.

ఆవిడ గరిటె ఆపి సందు మొత్తానికి వినపడేటట్టు నవ్వింది. "సదువులమ్మకి కూడా నా నీళ్ళు కావాల్సొచ్చినాయర్రా" అంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. అయినా గిన్నె పట్టుకునే నిలబడ్డాను.

ఆనపకాయ ముక్కలు, చెంచాడు శనగపిండి, పసుపు, మెంతుల పోపు. ఆ రోజు మా ఆయన రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. పులుసు జుర్రుకుని, "పెరుగు వద్దన్నారు గదే" అన్నాడు.

"నేను చూసుకుంటున్నాను కదా, తినండి" అన్నాను.

ఇంక మరి అడగలేదు. రోజూ బడి నుంచి వస్తూ ఆవిడ దగ్గర గిన్నె నింపించుకుని పులుసు కాచాను, రోజూ తిన్నాడు. ఆయన మళ్ళీ కడుపునిండా తింటున్నాడని నాకు గర్వంగా ఉండేది. మూడు నెలల తర్వాత పరీక్షలో పొటాషియం ఇంకా పెరిగింది. కాళ్ళ వాపు మోకాళ్ళ దాకా వచ్చింది. డాక్టరు ఈసారి గట్టిగా మాట్లాడలేదు, ఇలాగే సాగితే మెషీను తప్పదని మెల్లిగా చెప్పాడు. ఆ మెల్లిగా చెప్పడం చూసి నాకు భయం పుట్టింది. ఎక్కడో ఎవరో ఏదో పెడుతున్నారని మాత్రం అర్థమైంది.

ఎవరో తెలియడానికి ఎన్నో రోజులు పట్టలేదు. మామూలుగా నేను ఇల్లు చేరేసరికి ఐదు దాటుతుంది. వానాకాలంలో ఒక రోజు వీధుల్లో నీళ్ళు నిలిచి బడి ముందే మూసేశారు. పిక్కల లోతు నీళ్ళలో చీర ఎత్తిపట్టుకుని నాలుగుంపావుకు సందులోకి వస్తే, మా ఆయన పెద్దత్త గుమ్మం మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో పెద్ద ఇత్తడి గ్లాసు, అంచు దాకా ఆ మజ్జిగ. ఆవిడ పక్కన కూర్చుని, గిన్నెలోంచి గడ్డపెరుగు రెండు గరిటెలు అందులో వేసి వేలితో తిప్పుతోంది.

నన్ను చూసి ఆయన గ్లాసు వెనక్కి దాచుకున్నాడు.

"ఏటది?"

"నీళ్ళే" అన్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

ఆవిడే అందుకుంది. "ఎన్నాళ్ళేటి? ఆడు నిక్కరేసుకున్నప్పటి నుంచి తాగుతున్నాడు. నీ కాయితం ఒచ్చిందనీసి మానేస్తాడేటి?"

అరికాలి మంట నెత్తికెక్కింది. "అత్తా, ఆయనకి పెరుగు వద్దు, గ్లాసుడు గ్లాసుడు నీళ్ళు వద్దు. నీకెన్నిసార్లు సెప్పాలి? నువ్వు సేజేతులా ఆయన్ని సంపేస్తున్నావు."

"సంపడానికేటే పెంచినాను?" ఆవిడ చుట్ట తీసి నా వైపు చూపించింది. "నువ్వు కడుపు మాడిస్తే నా గుమ్మంలోకి ఒచ్చినాడు. పెరుగు కోసం ఏడిసిన మొగోడ్ని నీ ఇంట్లోనే సూసినాను."

నేను ఆ కేను రెండు చేతులా ఎత్తి సందులో నిలిచిన వాన నీళ్ళలో గుమ్మరించేశాను. కిటికీల్లోంచి అందరూ చూస్తున్నారు. ఆవిడ కదల్లేదు. చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుని, "పోసీ, నీళ్ళు నీళ్ళల్లో కలిసినాయి. రేపు మళ్ళీ తెస్తాను" అంది. ఎవరో కిసుక్కుమన్నారు. నా ఒళ్ళంతా మండిపోయింది.

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి నా గుమ్మం పక్కన మూతపెట్టిన గిన్నె ఉంది. ఆవిడ ఎదురుగా మెట్టు మీద కూర్చుని, "పులుసు నీళ్ళు. దెబ్బలాట దెబ్బలాటే, పులుసు పులుసే" అంది. నాకు ఆ గిన్నె ఎత్తి ఆవిడ నెత్తిన పోయాలనిపించింది. లోపలికి తీసుకుపోయి పులుసు కాచాను. ఆయన్ని చెడగొట్టింది ఆవిడ పెరుగూ, గ్లాసుల కొద్దీ తాగించడమూ అనే నేను నమ్మాను. నా పులుసుకేం.

ఆ వారం ఆసుపత్రికి పోతూ మా వదినను, ఆయన అక్కను, కూడా రమ్మన్నాను. మెటియాబ్రుజ్‌లో కుట్టుపని చేయించే మనిషి, మాటకారి. పెద్దమ్మ నిర్వాకం ఆవిడ చెవిన కూడా పడాలని నా కోరిక. చీటీ రాసిచ్చిన అమ్మాయి ముందు ముగ్గురం కూర్చున్నాం. నేను దొంగను పట్టుకున్న పోలీసులా మొత్తం చెప్పాను. రోజూ పెద్ద గ్లాసుడు ఛానా నీళ్ళు, అందులో రెండు గరిటెల పెరుగు.

ఆ అమ్మాయి రాసుకోవడం ఆపేసింది. "పెరుగు సంగతి పక్కన పెట్టు దీదీ, రెండు గరిటెలు పెద్ద విషయం కాదు. ఛానా నీళ్ళా? రోజూనా?"

"రోజూ."

"పాలల్లో ఉన్న పొటాషియంలో ఎక్కువ భాగం ఆ నీళ్ళలోకే వచ్చేస్తుంది. ఛానాలో మిగిలేది తక్కువ. వీటిని నీళ్ళనుకోకూడదు. ఈయనకు ఇది పెరుగు కన్నా చెడ్డది."

ఆ అమ్మాయి కలం తీసుకుని, చాలా మామూలుగా, అడగాల్సిన వరసలోనే అడిగింది. "ఇంట్లో కూడా ఆ నీళ్ళతో ఏమైనా వండుతారా? పప్పు, రొట్టెల పిండి, పులుసు?"

ఒక పక్కన మా ఆయన, ఒక పక్కన మా వదిన. ఇద్దరూ నా వైపు చూడను కూడా లేదు. నేనేం చెబుతానో వాళ్ళకు తెలుసు కదా.

"లేదు" అన్నాను.

ఆ రోజు నుంచి పులుసు ఆపేశాను. మా ఆయన అడిగితే ఆనపకాయ బాగాలేదన్నాను. మళ్ళీ కొలిచి కప్పు పెరుగు పెట్టాను. పెద్దత్త గిన్నె నింపడానికి వస్తే తలుపు వేసుకున్నాను. ఇరవై రోజులు తిరక్కుండానే ఆయనకు ఊపిరాడక ఆసుపత్రిలో చేర్చాం, మెషీను మొదలుపెట్టారు. ఈ రోగం ఎటూ అక్కడికే పోతుందనీ, ఆ నీళ్ళు తొందర పెట్టి ఉండొచ్చు, ఉండకపోవచ్చు అనీ డాక్టరు అన్నాడు. ఆ మాట నాకు ధైర్యం చెప్పడానికి అన్నాడో నిజమో తెలియదు. అడగలేదు.

ఆయన ఇంటికి వచ్చిన ఆదివారం మా వదిన పెద్దత్తను పిలిపించింది. సందులో పెద్దవాళ్ళు ఇద్దరు కుర్చీల్లో కూర్చున్నారు. మా ఆయన మెడ దగ్గర, మెషీను గొట్టం పెట్టిన చోట, కట్టుతో మంచం మీద పడుకున్నాడు. పెద్దత్త గుమ్మం బయటే నిలబడింది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను.

"మా తమ్ముడి కిడ్నీలు తినీసినావు గదే పెద్దమ్మా" అని వదిన ఏడుపు మొదలుపెట్టింది. "ఈవిడ వద్దు వద్దంటున్నా దొంగతనంగా ఆ ఛానా నీళ్ళు పోసినావు. ఆ నీళ్ళే ఇషం అంట. సెప్పు, ఎవులిచ్చినారు? నువ్వు కాదేటి?"

ఆవిడ నా వైపు చూసింది. రోజూ నా గిన్నె నింపిన మనిషి, ఎన్ని గరిటెలో ఆవిడకు తెలుసు. సందులో వాళ్ళు ఆ నీళ్ళు నేను తాగడానికనుకున్నారు, నా పులుసు గురించి ఈ భూమ్మీద తెలిసింది ఆవిడ ఒక్కదానికే. ఆ పూట ఆవిడ నోరు విప్పితే నా కాపురం ఏమై ఉండేదో నాకు తెలుసు. చేతిలో గరిటె పట్టుకుని నేను అలాగే నిలబడ్డాను.

"నానే ఇచ్చినాను" అంది పెద్దత్త. "ఇంకెవులూ ఇవ్వలేదు."

మా ఆయన గోడవైపు తిరిగిపోయాడు. "దాన్ని మళ్ళీ నా గుమ్మం తొక్కొద్దని సెప్పండి" అన్నాడు. ఆవిడ వెనక్కి తిరిగింది. పనికిమాలిన మాట ఒక్కటి కూడా అనకుండా ఆవిడ వెళ్ళిపోవడం నేను చూడటం అదే మొదలు.

నాలుగు రోజులు ఆగి, మధ్యాహ్నం ఎవరూ లేకుండా చూసి ఆవిడ గదికి వెళ్ళాను. కింద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. కూర్చోమనలేదు.

"ఎందుకు సెప్పలేదు?" అన్నాను.

తల ఎత్తకుండానే అంది. "నీ మొకం సూసి కాదులే. నువ్వంటే నాకెప్పుడూ పడదు. ఆడ్ని కప్పుతో కొలిసినావు, అది నాను మర్సిపోను."

"మరెందుకు?"

"నా సేతి నీళ్ళు మానేస్తే ఆడికేటీ కాదు, బతుకుతాడు. నీ సేతి కూడు మీద అనుమానం పడితే ఆడు ఏటి తిని బతుకుతాడే? ఇంక పెట్టీది నువ్వొక్కదానివే గదా." గింజ ఒకటి తీసి పారేసింది. "ఎల్లు. తలుపు దగ్గరకేసి ఎల్లు."

ఆ మాటకు నేను ఆవిడ కాళ్ళ మీద పడాల్సింది. పడలేదు. కోపం వచ్చింది. ఇప్పటికీ వస్తోంది. అందరి ముందూ నా జుట్టు పట్టుకుని ఉంటే, నువ్వు పెట్టలేదేటే పులుసు అని అరిచి ఉంటే, నేనూ అరిచేదాన్ని, ఏడ్చేదాన్ని, ఆయన నాలుగు తిట్టేవాడు, ఎప్పటికో మర్చిపోయేవాడు. తెలియక చేసిన తప్పే కదా. ఆవిడ అదంతా నాకు లేకుండా చేసింది. తెలియక చేసిన తప్పును నేను తెలిసి దాచిన తప్పు చేసుకున్నాను, ఆవిడ దాని మీద మూత పెట్టి పోయింది. నా ఇంట్లో ఏ మూతా సరిగ్గా పెట్టని మనిషి, ఇది మాత్రం ఊడిరాకుండా పెట్టింది.

ఏడాది పైన బతికింది. మా గుమ్మం ముందు నుంచి పోయేటప్పుడు కేను రెండో చేతికి మార్చుకుని, తల తిప్పకుండా పోయేది. మా ఆయన పలకరించలేదు. సందులో సగం మంది ఆ నీళ్ళు మానేశారు, సగం మంది తాగుతూనే ఉన్నారు. ఆయనకు నిజం చెప్పాలని నేను చాలాసార్లు నోటిదాకా తెచ్చుకున్నాను. కంచం ముందు కూర్చున్న మనిషిని చూస్తే, ఆవిడ అన్న మాటే అడ్డం పడేది.

మొన్న మూడు రోజుల జ్వరంతో పోయింది. శవాన్ని ఎత్తే రోజు మా ఆయనకు మెషీను రోజు కాదు. అయినా పోలేదు. పెంచిన కొడుకు ఇంట్లో ఉండగా వరసకు మనవడయ్యే ఎవరో కొరివి పెట్టారు. నేను వెళ్ళి గుంపులో నిలబడి వచ్చాను. ఏడుపు రాలేదు.

ఇవాళ మధ్యాహ్నం మెషీను నుంచి వచ్చి, స్నానం చేసి భోజనానికి కూర్చున్నాడు. నీరసంగా ఉన్నాడు గాని ఆకలితో ఉన్నాడు. ఉప్పు తక్కువ కూర, గంజి వార్చి వండిన అన్నం, కొలిచిన కప్పు పెరుగు. ఏది ఏమిటని అడగలేదు. ఈ ఏడాదిలో ఒక్కసారి కూడా అడగలేదు. వడ్డించింది వడ్డించినట్టు కలుపుకుంటున్నాడు.

"ఆ ముసల్ది పోయింది, పీడ వదిలింది" అన్నాడు ముద్ద మింగి. "నీ సేతి కూడు ఉండబట్టి ఈపాటి ఉన్నాను. దాని మాట ఇంటే ఎప్పుడో పోయేవోడ్ని. కాదేటి?"

నేను ఇంకో గరిటె అన్నం ఆయన కంచంలో పెట్టి, అవునన్నాను.